వెదుర్ల కోసం బస్కీలు

మద్దమ్మ అబద్ధం ఆడేముందు ముక్కు గీరుకుంటుందని గవిగట్టు ఊరంతటికీ తెలుసు. తెలిసీ ఆమె చెప్పిందల్లా నమ్మేవాళ్ళు. ఎందుకంటే నిజం చెప్పేటప్పుడు కూడా ఆమె ముక్కు గీరుకునేది. ఏది ఏదో తేల్చుకునే ఓపిక ఎవరికుంటుంది?

ఆమె మొగుడు పుల్లన్న ఊరి నీరుగంటి. చెరువు తూము ఎత్తడం, దించడం, ఎవరి మడికి ఎంతసేపు నీళ్ళు వదలాలో చూడడం అతని పని. పని లేని సాయంత్రాల్లో చెక్కభజన గుంపుకు ముందు నిలబడేవాడు. ముప్పై మంది కాళ్ళు ఒకే దెబ్బగా నేలకు తాకకపోతే అతనికి ఆ పూట అన్నం దిగేది కాదు.

ఆదోని తాలూకా బళ్ళారి జిల్లాను వదిలి కర్నూలు జిల్లాలోకి వచ్చిన మరుసటేడు, సెనక్కాయ పీకే రోజుల్లో ముసురు పట్టింది. మూడు రోజులు వదల్లేదు. నాలుగో రోజు పొద్దున పుల్లన్న చెరువు మీదికి పోయి చూసి వచ్చి, "కట్టకేమీ కాదు, నేను సూసొచ్చినా" అని ఊరికంతా చెప్పాడు. వాన కాస్త తెరిపిచ్చిందని జనం చేలల్లోకి పోయారు. మధ్యాహ్నం కట్ట తెగింది. నలభై ఇళ్ళు మట్టిముద్దలై పోయాయి. చేలల్లో ఉన్నారు కాబట్టి జనం బతికారు. సారమ్మ అనే పిల్ల చేనికి పోతే, మంచం పట్టి ఇంట్లో ఉన్న ఆమె తల్లి మాత్రం బతకలేదు.

ఊరంతా పన్నెండు మైళ్ళు బురదలో నడిచి ఆదోని చేరింది. ఒక జిన్నింగు మిల్లు షావుకారు తన పత్తి గోదాము తెరిచి ఇచ్చాడు. కొత్త పత్తి దిగేలోగా ఖాళీ చేయాలని మాత్రం అన్నాడు. పేటల వాళ్ళు వంతులేసుకుని గంజీ రొట్టెలూ తెచ్చిపెట్టేవాళ్ళు. జనం తినేవాళ్ళు, మళ్ళీ గోడకు ఆనుకుని కూర్చునేవాళ్ళు. ఉరిమితే మాత్రం అందరూ ఒక్కసారిగా లేచి వాకిలి దగ్గర పడి తొక్కుకునేవాళ్ళు.

పుల్లన్న ఉరిమినా లేచేవాడు కాదు. గోడవైపు మొహం పెట్టి కూర్చున్నవాడు కూర్చున్నట్టే ఉన్నాడు. ఎవరూ అతన్ని ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేదని మద్దమ్మకు అనిపించేది. తిడితే తిరిగి తిట్టొచ్చు. ఏమీ అనని వాళ్ళను ఏం చేస్తాం?

కోట కింది పేట నుంచి రొట్టెలు తెచ్చేది యూసుఫ్ సాబ్. తాలీంఖానాలో నలభై ఏళ్ళుగా కుస్తీ నేర్పుతున్న ఉస్తాదు. అరవై దాటినా ఛాతీ తలుపు చెక్కలా ఉండేది. వారం రోజులు రొట్టెలు పంచి, ఎనిమిదో రోజు గంప దించి మద్దమ్మను అడిగాడు.

"చెల్లీ, ఈళ్ళు దినామూ ఇట్లే కూసోనుంటారా?"

"లేదు సాబన్నా. అప్పుడప్పుడు పండుకుంటారు."

యూసుఫ్ సాబ్ నవ్వలేదు. గోడ పొడవునా జొన్నబస్తాల్లా ఆనుకుని ఉన్న జనాన్ని ఒక్కొక్కరినే చూశాడు. "కుస్తీలో పడిపోయినోన్ని నేను ఒక్క క్షణం గూడా కింద ఉండనీయను. ఉంటే వానికి నేల రుచి మరుగుతాది. రేపు పొద్దున వస్తా. అందరికీ కసరత్తు."

అన్నట్టే తెల్లవారగానే వచ్చాడు. గోదాము ముందున్న కళ్ళం మధ్యలో నిలబడి, కూర్చుని లేచి, కూర్చుని లేచి, యాభై బస్కీలు తీశాడు. ఒక్కరూ కదల్లేదు. ఊళ్ళో నాగలి పట్టడంలో మొనగాడైన లక్ష్మప్ప పడుకునే అన్నాడు.

"సాబూ, తాగేది గంజి. బస్కీలు తీస్తే అది గూడా అరిగిపోతాది. మల్లా నీవే తెచ్చియ్యాల, సూసుకో."

యూసుఫ్ సాబ్ మీసం దించుకుని వెళ్ళిపోయాడు. ఆ వెనక్కి పోతున్న వీపును చూసి మద్దమ్మ ముక్కు గీరుకుంది.

నేరుగా సువార్తమ్మ దగ్గరికి పోయి కూర్చుంది. సువార్తమ్మ చర్చి వీధి మనిషి, మద్దమ్మకు వరసకు వదిన. ఆమె చెవిలో ఒక మాట వేసి ఎవరికీ చెప్పొద్దంటే దండోరా వేయించినట్టే.

"వొదినా, నీ ఒక్కదానికే సెప్తాండా. కొట్టాలేసుకునేకి గవుర్మెంటోల్లు వెదుర్లు ఇస్తారంట. ఆఫీసరు వచ్చి సూస్తాడంట. ఇరవై బస్కీలు తీసినోల్లకు ముందు, తీయలేనోల్లకు ఎనక."

"బస్కీలా? వెదుర్లకూ బస్కీలకూ ఏం సమ్మందమే?"

"బలం లేనోనికి వెదుర్లిస్తే కొట్టం ఏసుకుంటాడా, పొయ్యిలో పెట్టుకుంటాడా? అందుకంట. అది తెలిసే సాబు వచ్చినాడు పాపం. బయటికి సెప్పగూడదు గదా ఆయన."

అందులో ఎంత అర్థం లేదో అంత సర్కారు వాసన ఉంది. సువార్తమ్మ నమ్మింది.

మర్నాడు యూసుఫ్ సాబ్ రొట్టెల గంపతో వస్తే కళ్ళంలో అరవై మంది వరసల్లో నిలబడి ఉన్నారు. మొదటి వరసలో లక్ష్మప్ప. వెనక ఆడవాళ్ళు కొంగులు నడుముకు దోపి నిలబడ్డారు. డెబ్బై ఏళ్ళ సుంకమ్మ అందరినీ తోసుకుని ముందుకొచ్చి, "అప్పా, ముసిలోల్లకు పది సాలునా?" అని అడిగింది. ఉస్తాదు గంప దించకుండానే వరసల చివరిదాకా నడిచి చూసి వచ్చాడు. మద్దమ్మ అతన్ని పక్కకు పిలిచి జరిగింది చెప్పింది.

"తౌబా తౌబా!" అని రెండు చెంపలూ వేసుకున్నాడు. మీసం కింద మాత్రం నవ్వు ఆగలేదు. "అబద్ధం నీది చెల్లీ. బస్కీలు నావి. పైన ఎవరి జవాబు వాళ్ళే ఇచ్చుకుందాం."

మొదటి రోజు లక్ష్మప్పకు తొమ్మిది వచ్చాయి. పదోదానికి కూర్చున్నవాడు అలాగే వెనక్కి పడి ఆకాశం చూశాడు. సువార్తమ్మకు పదకొండు. ఇంక చూడాలి ఆమెను! ఆ పూటంతా లక్ష్మప్ప పక్క నుంచే నడిచింది.

మూడో రోజుకు గోదాములో మూలుగులు తప్ప ఇంకేమీ వినపడలేదు. "అయ్యో నా తొడలు", "నా పిక్కలు" అంటూ పట్టుకు తిరిగారు. కొట్టుకుపోయిన గిన్నెల గురించి, కూలిన గోడల గురించి ఏడ్చేవాళ్ళకు ఆ తీరిక లేకపోయింది. తరవాత పోట్లాటలు మొదలయ్యాయి. నా వరసలో నువ్వెందుకు నిలబడ్డావంటే, నీ మోచెయ్యి నాకెందుకు తగిలిందని. ఊరు మునిగినప్పటి నుంచి ఒకరితో ఒకరు పోట్లాడుకోని జనం అట్లా అరుచుకుంటుంటే మద్దమ్మకు ప్రాణం లేచి వచ్చింది. రెండో వారంలో ఒకనాడు గట్టిగా ఉరిమింది. ముగ్గురో నలుగురో తల ఎత్తారు. మిగిలినవాళ్ళు ఒళ్ళు తెలియని నిద్రలో ఉన్నారు.

పుల్లన్న మాత్రం గోడను వదల్లేదు. వెదుర్ల మాట చెబితే, "నాకెందుకు వెదుర్లు" అన్నాడు. అంతే. అన్నాళ్ళలో అతను మాట్లాడింది ఆ ఒక్క మాట.

మద్దమ్మ ఆలోచించింది. మర్నాడు యూసుఫ్ సాబ్ గంప దించగానే అడిగింది.

"సాబన్నా, తాళం సెడగొట్టాల నువ్వు."

"ఏం తాళం?"

"ఏక్ దో అంటావు గదా. అది తప్పు తప్పుగా అను. గోడకాడ కూసున్నోనికి ఇనబడేటట్టు."

"నలభై ఏండ్ల ఉస్తాదుని! నా లెక్క తప్పితే ఈ పేటలో కుక్క గూడా మర్యాద ఇయ్యదు నాకు!"

"నీ మర్యాద నేను మోస్తాలే."

ఆ పొద్దున యూసుఫ్ సాబ్ ప్రాణం మీదికి వచ్చినట్టు లెక్క చెప్పాడు. "ఏక్... దో-తీన్... చార్... చార్... సాత్!" అరవై మందిలో సగం లేస్తుంటే సగం కూర్చున్నారు. మోకాళ్ళు వీపులకు తగిలాయి. రెండో రోజూ అంతే. మూడో రోజు గోడ దగ్గర నుంచి గొణుగుడు వినపడింది. "ఆ మనిసికి తాళం తెలీదు." నాలుగో రోజు ఉస్తాదు మూడు తరవాత తొమ్మిది అన్నాడు. లక్ష్మప్ప వచ్చి సుంకమ్మ మీద పడ్డాడు.

"ఆపండి!"

గోదాము వాకిట్లో పుల్లన్న నిలబడి ఉన్నాడు. గడ్డం పెరిగి, కళ్ళు మండుతున్నాయి. "ఏమప్పా సాబూ, అది లెక్కనా? కూసునేటప్పుడు గాదు ఒకటనేది, లేసేటప్పుడు! లేసేటప్పుడు అంటే కదా కాలు నేలను తన్నేది!"

అన్నాక తన గొంతు తనకే వినపడింది. అరవై మంది అట్లాగే ఆగిపోయి తననే చూస్తున్నారు. మూడో వరసలో సారమ్మ ఉంది. ఆమె మీద చూపు పడగానే పుల్లన్న తల వాలిపోయింది. వెనక్కి తిరగబోయాడు.

"మామా!" అంది సారమ్మ. బస్కీ సగంలో ఆగి ఉంది, తొడలు వణుకుతున్నాయి. "ఆపమన్నావు, ఆపినాము. నేను సగంలో ఉండాను. లేయాలనా, కూసోవాలనా? సెప్పు తొందరగా, పడిపోతా!"

పుల్లన్న మళ్ళీ ఇటు తిరిగాడు. "లెయ్," అన్నాడు. "లెయ్ తల్లీ. ఒకటి."

సారమ్మ లేచింది. ఆమెతో పాటు అందరూ లేచారు. "రెండు," అన్నాడు పుల్లన్న, ఈసారి కాస్త గట్టిగా. ఇరవై అయ్యేసరికి అరవై మంది కాళ్ళు ఒకే దెబ్బగా నేలను తన్నుతున్నాయి. యూసుఫ్ సాబ్ పక్కకు జరిగి, తలపాగా కొంగుతో మొహం తుడుచుకుంటూ మద్దమ్మతో అన్నాడు. "నా ఉద్యోగం పోయినట్టుంది చెల్లీ."

అంతటితో కథ సుఖంగా సాగి ఉంటే మద్దమ్మ మద్దమ్మే కాదు. అబద్ధమనేది కోడిపిల్లలాంటిది, విడిచిపెడితే ఎక్కడెక్కడో మేసి వస్తుంది. ఒక మధ్యాహ్నం సన్నగా పొడుగ్గా ఉన్న మనిషొకడు గోదాము దగ్గర బస్కీలు నేర్పే చోటు ఇదేనా అని అడుగుతూ వచ్చాడు. ఎమ్మిగనూరు మగ్గం పనివాడు, పేరు మాదన్న. వానలకు వాళ్ళ వీధిలో మగ్గం గుంటలన్నీ నీళ్ళతో నిండిపోయి పని నిలిచిపోయిందట.

"నూరు బస్కీలు తీస్తే కొత్త మగ్గం ఇస్తారంట గదక్కా. మా ఈదిలో నలభై మంది తీస్తాండారు. నాకు ఎనభైకాడ ఆగిపోతాంది. మీకేమన్నా కిటుకు తెలిసుంటే సెప్తారని బస్సెక్కొచ్చినా."

మద్దమ్మ వేళ్ళు మడిచి లెక్క చూసుకుంది. తాను వదిలింది ఇరవై బస్కీలు, నాలుగు వెదుర్లు. ఎమ్మిగనూరు చేరేసరికి అది నూరు బస్కీలు, మగ్గం అయింది. మాదన్న మొహంలోకి చూసి నిజం చెప్పలేకపోయింది. "కిందికి పోయేటప్పుడు ఊపిరి పీల్చు, లేసేటప్పుడు వదులు," అని చెప్పి పంపేసింది. ఆ పూట రొట్టె తినలేదు.

రెండు రోజులకు నిజంగానే ఆఫీసరు వచ్చాడు. జీపు దిగిన బొద్దు మనిషి. ఎదురుగా, ఇప్పుడు నూరుకు పెరిగిన జనం ఒక్క గొంతుతో లెక్కపెడుతూ బస్కీలు తీస్తున్నారు. ఆయన చేతిలోని కాగితాలు చేతిలోనే ఉండిపోయాయి. లక్ష్మప్ప చెమట కారుతూ ఆయన ముందుకొచ్చి నిలబడ్డాడు.

"రాసుకోండి సార్. లక్ష్మప్ప, నలభై."

"నలభై ఏంది? ఏం రాసుకోవాల?"

"బస్కీలు సార్. ఇరవై తీస్తే వెదుర్లు ముందు ఇస్తారంట గదా!"

"ఎవరు చెప్పినారు నీకు?"

లక్ష్మప్ప సువార్తమ్మ వైపు చూశాడు. సువార్తమ్మ మద్దమ్మ వైపు చూసింది. మద్దమ్మ అప్పటికే స్తంభం వెనక్కి పోయింది గానీ, అది ఆమెకు చాలినంత లావు లేదు. ఇంక తప్పదని బయటికి వచ్చింది. ఈసారి ముక్కు గీరుకోలేదు.

"అవును, నేనే అబద్ధం సెప్పినా. బస్కీలు సూసే ఆఫీసరూ లేడు, వెదుర్లూ లేవు. ఏం సేసేది? ఎవురూ లెయ్యకపోతిరి. సాబన్న వచ్చి ఒక్కడే ఎగిరి పాయె. పీనుగుల్లాగ కూసోనుంటే సూల్లేక సెప్పినా. కొడితే కొట్టండి."

లక్ష్మప్ప పెట్టిన కేక మిల్లు పెంకుల దాకా పోయింది.

"ఏమ్మే! నెల దినాలు నా మోకాళ్ళు అరగదీసినావే!"

"అరిగినాయా?" అన్నాడు యూసుఫ్ సాబ్ నెమ్మదిగా. "ఒకసారి కూసోని లెయ్, సూస్తా."

కోపంలో ఉన్న లక్ష్మప్ప చటుక్కున కూర్చుని, నేల మీద చెయ్యి ఆనించకుండా, స్ప్రింగులా లేచాడు. నెల కింద ఇదే మనిషి పడుకున్న చోటి నుంచి కదలకుండా గంజి సాకు చెప్పాడు. ముందు సుంకమ్మ నవ్వింది. తరవాత సారమ్మ. ఆ నవ్వు వరసలన్నిటికీ పాకి చివరకు లక్ష్మప్ప దాకా వచ్చింది. అతను మాత్రం ఒప్పుకోలేదు, మొహం పక్కకు తిప్పుకున్నాడు.

ఆఫీసరు గొంతు సవరించుకున్నాడు. "వెదుర్లు లేవని ఎవరన్నారు? వచ్చి రెండు వారాలైంది. స్టేషన్ దగ్గర గూడ్సు షెడ్డులో పడి ఉన్నాయి. ఆ మాట చెప్పేకే వచ్చినా. మీ ఊరి దోవంతా నల్లరేగడి. బండ్లు ఇరుసు దాకా దిగబడతాండాయి, లారీ పోదు. దోవ ఆరేదాకా ఇంకో నెల ఆగాల."

"నెలా? పత్తి దిగుతాంది సార్. వచ్చే వారం ఈ గోదాము ఇడిసిపెట్టాల," అంది సువార్తమ్మ.

"అయితే ఎవరు మోస్తారమ్మా అన్ని వెదుర్లు, పన్నెండు మైళ్ళు?"

మద్దమ్మ తన చెవులను తానే నమ్మలేక నిలబడి ఉంది. ఆడింది అబద్ధమైనా, వెదుర్లు మాత్రం నిజంగానే రైలెక్కి వచ్చి కూర్చున్నాయి. అప్పుడు పుల్లన్న ముందుకొచ్చాడు.

"మేము మోస్తాం. నేను లెక్క సెప్తా."

వెదురు మోత ఒంటరి పని కాదు. అయిదు వెదుర్ల కట్టకు ముందొకరు, వెనకొకరు. ఇద్దరి అడుగూ కలవకపోతే కట్ట ఎగిరెగిరి భుజం కొరుకుతుంది. కలిస్తే అదే వాళ్ళను ముందుకు లాక్కుపోతుంది. పుల్లన్న ముందు నడిచాడు. బురద పిక్కల దాకా పట్టుకున్న చోట నిదానంగా, గట్టి నేల వచ్చిన చోట జోరుగా లెక్క చెప్పాడు. యూసుఫ్ సాబ్ వద్దన్నా వినకుండా ఒక కట్ట వెనక భుజం పెట్టాడు. ముందు భుజం సుంకమ్మ పెడతానంది గానీ ఎవరూ సాగనివ్వలేదు. సగం దూరంలో, చూడడానికని వెంట వచ్చిన ఆఫీసరు జీపు రేగడిలో కూరుకుపోయింది. ఇరవై మంది చుట్టూ చేరారు. ఆయన దిగబోతే సువార్తమ్మ వద్దంది. "బురద సార్, మీ బూట్లు సెడిపోతాయి. కూసోండి." పుల్లన్న మూడు అనగానే జీపూ, జీపులో ఆఫీసరూ కలిసి గాల్లోకి లేచారు. ఆయన వేసిన కేకను గవిగట్టు వాళ్ళు ఏళ్ళ తరబడి అనుకరించి చూపించేవాళ్ళు.

అయిదు విడతల్లో వెదుర్లన్నీ ఊరు చేరాయి. చెరువు కింద కాకుండా ఈసారి ఎత్తైన గుట్ట మీద ఇళ్ళు వేసుకున్నారు. సారమ్మ కొట్టానికి పైకప్పు కట్టింది పుల్లన్న. మద్దమ్మతో లక్ష్మప్ప నెల రోజులు మాట్లాడలేదు. పొద్దునే కసరత్తుకు మాత్రం వచ్చి ఆమె ముందే నిలబడి, తనకెన్ని వస్తాయో ఆమెకు వినపడేటట్టు గట్టిగా లెక్కపెట్టేవాడు.

అన్నీ కుదిరాయి గానీ మద్దమ్మకు ఒక ముల్లు మిగిలిపోయింది. ఒక ఎండపొద్దు పుల్లన్నను వెంటబెట్టుకుని బస్సెక్కి ఎమ్మిగనూరు పోయింది. మగ్గాల వీధిలోకి అడుగు పెట్టగానే టకటక మగ్గాల చప్పుడు వినపడి నిలబడిపోయింది. మాదన్న ఇంటి ముందు అరుగు మీద కూర్చుని అంతా చెప్పింది. మగ్గాలు ఒక్కొక్కటే ఆగి, ఇళ్ళలోంచి జనం బయటికొచ్చారు.

"అక్కా, నేను నూటపది దాకా వచ్చినా గదా!" అన్నాడు మాదన్న, ఏడుపు గొంతుతో.

"వస్తే వచ్చినావులే," అంది అతని పెళ్ళాం. "దుప్పటి ముసుగేసుకుని మగ్గం పాయె మగ్గం పాయె అంటాండినోడివి. ఆ నలభై మందీ పొద్దునే ఒకసోట సేరబట్టే గదా, బస్కీలయినాంక ఎవరో సెంబు తీసుకున్నారు, ఎవరో బిందె తీసుకున్నారు, ఒక్కో ఇంటి గుంటలో నీళ్ళు తోడుకుంటా వచ్చినారు. మగ్గం యాడికి పోయింది? ఎండినాంక అదే మగ్గం ఆడతాంది." మద్దమ్మ వైపు తిరిగింది. "అట్లని అబద్ధానికి శిచ్చ తప్పదమ్మోయ్."

వీధంతా కూడి తీర్పు చెప్పింది. యాభై బస్కీలు, నడివీధిలో, అందరి ముందూ.

మద్దమ్మ కొంగు దోపుకుంది. ఇరవై దాకా హుందాగా తీసింది. ముప్పైకి జుట్టు ముడి ఊడింది. ముప్పై ఎనిమిదికి కూర్చుని లేవలేక నవ్వుతూ ఉండిపోతే, మాదన్న పెళ్ళాం వచ్చి పక్కన చేరి తానూ కూర్చుంది. ఇంకో ఇద్దరు చేరారు. నలుగురూ ఒకరి రెక్కలు ఒకరు పట్టుకుని లేచి, కూర్చుని, లేచి, యాభై పూర్తి చేశారు. తరవాత మజ్జిగ ఇచ్చారు.

తిరుగు బస్సు వచ్చినప్పుడు మద్దమ్మ కాలు మెట్టు మీదికి లేవలేదు. కండక్టరు పైనుంచి చెయ్యి పట్టి లాగాడు. పుల్లన్న కిందినుంచి భుజం పెట్టి తోశాడు. బస్సులో వాళ్ళంతా ఏమైందమ్మా అని అడిగితే, "ఏం లేదప్పా, మోకాళ్ళ నొప్పి," అంది మద్దమ్మ. పుల్లన్న కిటికీ వైపు తిరిగి, భుజాలు ఎగిరేటట్టు నవ్వుకుంటున్నాడు.